ఏటీ-ఎల్‌పీ120ఎక్స్ రికార్డు ప్లేయర్: మెషీన్ సగం, కింద వేసే బండ సగం

ఆడియో-టెక్నికా వాళ్ల ఏటీ-ఎల్‌పీ120ఎక్స్‌యూఎస్‌బీ మీద రివ్యూలకు కొదవ లేదు. కానీ అవి ఎక్కువగా ఏసీ గదిలో కూర్చుని కొత్త రికార్డులు వేసుకునేవాళ్లకు పనికొచ్చేవి. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో అటక మీంచి దిగే సరుకు వేరే. నలభై యాభై ఏళ్ల కిందటి ఎల్‌పీలు (పెద్ద రికార్డులు), సినిమా పాటల ఈపీలు (చిన్నవి), అడుగున ఎక్కడో పాత గుడ్డలో చుట్టిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే నాటక పద్యాల 78 ప్లేట్లు. పైగా ఇక్కడ గాలి పొడి, దుమ్ము ఎక్కువ, బోరు నీళ్లు ఉప్పు, కరెంటు దాని ఇష్టం. వీటన్నిటి మధ్య ఈ ప్లేయర్ ఎంతవరకు నిలబడుతుందో చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. పాత రికార్డుల కట్ట ఒకటి ఇంట్లో ఉండి, వాటిలో 78లు కూడా ఉంటే, ఒక ఓ మోస్తరు స్మార్ట్‌ఫోన్‌కి పెట్టేంత డబ్బులో ఇది మంచి కొనుగోలే. ఉన్నవి పదీ పదిహేను ఎల్‌పీలే, వారానికోసారి వింటారు అంటే ఇంత అక్కర్లేదు. కొన్నాక మాత్రం ఒక పూట ఖాళీ చేసుకుని సెటప్‌కి కూర్చోవాలి. పెట్టెలోంచి తీసి, ప్లగ్గు పెట్టి, సూది దించేస్తే ఇది కూడా చవక రకం సూట్‌కేస్ ప్లేయర్ లాగానే పాడుతుంది.

మన ప్రాంతానికి దీంట్లో మొదట నచ్చేది మోటారు. ఇది డైరెక్ట్ డ్రైవ్, అంటే బెల్టు లేకుండా మోటారే ప్లేటుని నేరుగా తిప్పుతుంది, వేగాన్ని క్వార్ట్జ్ స్ఫటికం పట్టి ఉంచుతుంది. కరెంటు విడిగా ఉండే అడాప్టర్ నుంచి వస్తుంది, ఆ అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది. సాయంత్రం వోల్టేజి పడిపోయి ఫ్యాను నీరసంగా తిరుగుతున్నా పాట శ్రుతి జారదు. ఇన్వర్టర్ మీద కూడా నడుస్తుంది. పాత ఏసీ మోటారు ప్లేయర్లకు ఈ సుఖం లేదు. చవక రకం ఇన్వర్టర్ ఇచ్చే చదరపు తరంగానికి వాటి మోటారు గుర్రుమంటుంది, ఆ గుర్రు సూదిలోకి ఎక్కుతుంది. ఇంకో చిక్కు, అమెరికా నుంచి బంధువులు మోసుకొచ్చే పాత ఏసీ మోటారు ప్లేయర్లతో. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని తగ్గిస్తుందే గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. దాంతో నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ప్లేటు 27.8 దగ్గర తిరుగుతుంది, సుశీల గొంతు కూడా మగగొంతులా బరువెక్కుతుంది. దానికి తేలికైన మందు, 50 హెర్ట్జ్‌కి సరిపోయే పుల్లీ (మోటారు చక్రం) దొరికితే మార్చడం.

ఇక బండ సంగతి. రికార్డు ప్లేయర్‌కి కదలని, బరువైన చోటు కావాలి. ఎందుకంటే సూది వెంట్రుకకంటే సన్నని కదలికల్ని కూడా పట్టేస్తుంది, అది పాటదా బల్లదా అని చూడదు. నగరాల్లో ఇందుకోసం గ్రానైట్ పలకలు, ప్రత్యేకమైన స్టాండ్లు కొంటారు. మనకు కడప బండ ఉంది, చదరపుటడుగు లెక్కన ఏ రాళ్ల కటింగ్ షాపులోనైనా కోసి ఇస్తారు. ప్లేయర్ వెడల్పు సుమారు 45 సెంటీమీటర్లు, లోతు 35, బరువు 8 కిలోలు. కాబట్టి 20 అంగుళాలు బై 16 అంగుళాలు, ముప్పావు అంగుళం మందం చాలు. ఆ ముక్క దాదాపు 11 కిలోలు తూగుతుంది. పైముఖం పాలిష్ ఉన్నా లేకున్నా ఫరవాలేదు, అంచులు మాత్రం రుద్దించుకోండి, లేకపోతే వైరు గీసుకుపోతుంది.

ఈ రాయి పొరలు పొరలుగా ఏర్పడింది, లోపల పొర విడిచిన ముక్క కూడా బయటికి బాగానే కనిపిస్తుంది. షాపులోనే బండను ఒక అంచు పట్టుకుని నిలబెట్టి వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే గట్టి రాయి. డబ్బుమని చచ్చిన శబ్దం వస్తే లోపల విడిచినట్టే, ఇంకోటి తీయమనండి. అయితే ఆ ఖంగుమనే గుణమే ఇంటికొచ్చాక తలనొప్పి. బండను నేరుగా బల్ల మీద పెడితే అది కూడా పాటతో పాటు మోగుతుంది. అందుకని దాని నాలుగు మూలల కింద, అంచు నుంచి రెండేసి అంగుళాలు లోపలికి, వాషింగ్ మెషీన్ కింద వేసే రబ్బరు పాదాలు పెట్టండి. మెత్తటి స్పాంజి వద్దు. బండ, ప్లేయర్ కలిపి 19 కిలోలు, వారంలో అణిగిపోయి ఒకవైపు ఒరుగుతుంది.

పనైందో లేదో తెలుసుకునే పరీక్ష తేలికే. ప్లేయర్ ఆపి ఉంచి, కదలని రికార్డు మీద సూది దించండి. మామూలుగా వినేంత వాల్యూం పెట్టి, బల్ల మీద వేలితో మెల్లగా తట్టండి. స్పీకర్లలో ఏదో దూరంగా తట్టినట్టు లీలగా వినిపిస్తే సరే. ధబ్ ధబ్ మని గుండె అదిరితే ఇంకా పని ఉంది. స్పీకర్లు అదే బల్ల మీద ఉన్నాయేమో ముందు చూడండి. ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. స్పీకర్ అదురు సూదిలోకి, సూది నుంచి మళ్లీ స్పీకర్లోకి తిరిగి చివరికి ఊళ పెడుతుంది. వూఫర్ ఉన్న హోం థియేటర్ అయితే వూఫర్‌ని ప్లేయర్‌కి ఎంత దూరం జరిపితే అంత మంచిది.

కింది అంతస్తులో, నాపరాళ్లు పరిచిన నేల మీద ఇంతటితో సరిపోతుంది. పాత దంతెల (చెక్క దూలాల) మిద్దె ఇళ్లలో పైగది అయితే మనిషి నడిస్తేనే నేల ఊగి సూది ఎగురుతుంది. అక్కడ గోడలోకి దిగేసిన బండ అరలాంటిది ఇంకేదీ లేదు, ఎందుకంటే అది నేలతో సంబంధం లేకుండా నిలబడుతుంది. అర లోతు మాత్రం కొలవండి. ప్లేయర్ లోతు 35 సెంటీమీటర్లు, వెనక వైర్లకు ఇంకో ఐదైనా కావాలి. మూత పైకెత్తడానికి చోటు లేకపోతే దాన్ని కీళ్ల దగ్గర ఊడదీసి, వినడం అయ్యాక పైన కప్పడమే.

మట్టం చూసేటప్పుడు స్పిరిట్ లెవెల్‌ని బల్ల మీద కాదు, రికార్డు పెట్టే ప్లాటర్ (తిరిగే పళ్లెం) మీదే అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టండి. ప్లేయర్ పాదాలు మరలాగా తిరుగుతాయి, వాటితోనే సరిచేయొచ్చు.

అసలు చేతిపని ప్లేయర్ చేయి, అంటే సూదిని మోసే కడ్డీ (టోన్‌ఆర్మ్) దగ్గర మొదలవుతుంది. చేయి కొసన హెడ్‌షెల్ (సూది ఉండే తల) తొడిగి రింగు బిగించాక, వెనక కౌంటర్‌వెయిట్ (తూకం బరువు) ఎక్కించండి. యాంటీ-స్కేట్ (దాని పని కింద చెప్తాం) సున్నాలో పెట్టండి. సూది మూత తీసి, చేతిని ప్లాటర్‌కి ఇవతల గాల్లో వదిలి, బరువును ముందుకూ వెనక్కూ తిప్పుతూ పోతే ఒక దగ్గర చేయి త్రాసు ముల్లులా సమంగా తేలుతుంది. అప్పుడు చేతిని ఊతలో పెట్టి గొళ్లెం వేసి, బరువు కదలకుండా పట్టుకుని, ముందున్న అంకెల రింగును మాత్రమే సున్నాకి తిప్పండి. ఇక్కడే చాలామంది తడబడతారు. రింగుతో పాటు బరువు కూడా తిరిగిపోతే చేసిందంతా మళ్లీ మొదటికి. ఆ తర్వాత రెండింటినీ కలిపి 2.0 దాకా తిప్పితే, దీంతో వచ్చే వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి (సూదిని పట్టి ఉంచి దాని కదలికను కరెంటుగా మార్చే ముక్క) కావాల్సిన 2 గ్రాముల బరువు పడుతుంది. 1.8 నుంచి 2.2 దాకా దాని హద్దు. రికార్డు పాడవుతుందని భయపడి 1.5 పెట్టడం తిరగబడుతుంది. తేలికైన సూది గాడిలో కుదురుగా కూర్చోక, గోడలకు తగులుతూ పోయి, రికార్డుని ఇంకా ఎక్కువ గీస్తుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చిన్న డిజిటల్ సూది త్రాసు ఒకటి తెప్పించుకుని సరిచూసుకోండి, రింగు అంకెలకూ అసలు బరువుకూ కాస్త తేడా ఉండొచ్చు.

యాంటీ-స్కేట్‌ని కూడా 2 దగ్గర పెట్టి విని చూడండి. తిరిగే రికార్డు చేతిని లోపలికి లాగుతుంటుంది, దాన్ని బయటికి పట్టి ఉంచేది ఇదే. కుడి స్పీకర్లో మాత్రమే గొంతు పగులుతుంటే కొంచెం పెంచాలి, ఎడమ వైపు పగిలితే తగ్గించాలి.

చేయి ఎత్తును మార్చే ఏర్పాటు ఈ ధరలో ఉండటం మంచి విషయమే, కానీ దాని గురించి అవసరానికి మించి చర్చ జరుగుతుంది. 23 సెంటీమీటర్ల చేయి ఒక మిల్లీమీటరు ఎత్తితే కోణం మారేది పావు డిగ్రీ. సూది రికార్డు మీద ఉన్నప్పుడు పక్క నుంచి చూస్తే చేయి రికార్డుకి సమాంతరంగా ఉంటే చాలు. కింద మందమైన మ్యాటు వేస్తే, ఎంత మందమో అంత ఎత్తండి.

కార్ట్రిడ్జ్ బిగించే వస్తుంది, అయినా ప్రొట్రాక్టర్ కాగితంతో (కోణం సరిచూసే గీతల కాగితం) ఒకసారి చూడటం మేలు. స్పిండిల్ (ప్లాటర్ మధ్య మొల) నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గరా 120.9 దగ్గరా కార్ట్రిడ్జ్ అంచులు గీతలకు సరిపోవాలి. తేడా ఉంటే రెండు మరలు వదులు చేసి జరపడమే. ఇది తప్పితే ఎలా తెలుస్తుందంటే, ఒక వైపులో చివరి పాట దగ్గర చెవి పెట్టండి. శ, ష, స వచ్చిన చోటల్లా గొంతు బుసబుసలాడితే కోణం తప్పినట్టు, లేదా సూదికి చెత్త పట్టినట్టు, లేదా రికార్డే అరిగినట్టు. మొదటి రెండూ చూసుకున్నాకే మూడోదాని మీద నింద వేయండి. హెడ్‌షెల్ వైర్లు ఊడితే తెలుపు, నీలం ఎడమ వైపువి, ఎరుపు, ఆకుపచ్చ కుడివి. వాటిని పట్టకారుతో ఎక్కించాలి గానీ టంకం జోలికి పోకూడదు, ఆ వేడికి లోపలి తీగ తెగుతుంది.

వెనక ఫోనో/లైన్ అని ఒక చిన్న మీట ఉంటుంది. ఫిర్యాదుల్లో సగం దాని దగ్గరే పుడతాయి. రికార్డు చెక్కేటప్పుడు బాస్‌ని బాగా తగ్గించి, పైస్వరాల్ని అంతే పెంచి చెక్కుతారు, రెండు చివర్లా దాదాపు 20 డెసిబెల్స్ తేడా. దాన్ని తిరిగి సమం చేసి, సూది ఇచ్చే నాలుగు మిల్లీవోల్టుల్ని పెంచి పంపేదే ఫోనో ప్రీయాంప్. ఈ ప్లేయర్లో అది లోపలే ఉంది. మామూలు పవర్డ్ స్పీకర్లకో, హోం థియేటర్ ఆక్స్‌కో కలిపితే మీట లైన్ మీద ఉండాలి. ఫోనో మీద ఉంటే దోమ పాడినట్టు సన్నగా వస్తుంది. ఇంట్లో ఫోనో సాకెట్ ఉన్న పాత యాంప్లిఫైయర్ ఉంటే మీటను ఫోనోకి మార్చి, గ్రౌండు తీగను యాంప్ వెనక ఉన్న గ్రౌండు మరకు బిగించండి. మీట మార్చకుండా లైన్‌లోనే ఉంచి ఫోనో సాకెట్‌కి ఇస్తే రెండుసార్లు పెరిగి చెవులు చిల్లులు పడేలా పగులుతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా మ్‌మ్‌మ్ అని గుర్రు వినిపిస్తే గ్రౌండు తీగ వదులైందేమో చూడండి. తర్వాత యాంప్ పెట్టిన గోడ సాకెట్ చూడండి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనక ఎర్తు తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు వేయించుకోవడమే దీనికి దారి, అది ప్లేయర్ కోసమే కాదు. సిగ్నల్ వైర్లు కరెంటు అడాప్టర్ పక్కనుంచి పోకుండా చూసుకుంటే మిగిలిన గుర్రు కూడా పోతుంది.

లోపలి ప్రీయాంప్ పని నడిపిస్తుంది, అంతకు మించి కాదు. హెడ్‌ఫోన్లో వింటే నేపథ్యం కాస్త మసకగా ఉంటుంది. మంచి స్పీకర్లు ఉన్నవాళ్లు తర్వాతెప్పుడైనా బయటి ప్రీయాంప్ ఒకటి పెట్టుకోవచ్చు, తొందరేం లేదు. ముందు సూది మార్చడమే మేలు. వీఎం95 వరసలో ఏ సూదైనా అదే కార్ట్రిడ్జ్‌లోకి తొడుక్కుంటుంది, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. దీంతో వచ్చే వీఎం95ఈ సూది ఆయుష్షు కంపెనీ లెక్కలో 300 గంటలు, గుండ్రటి మొన ఉన్న సీ రకానిది 500, మరీ సన్నని మొన ఉన్న మైక్రోలీనియర్‌ది 1000. నలభై నిమిషాల ఎల్‌పీ లెక్కన 300 గంటలంటే 450 ఎల్‌పీలు. ధర ఎక్కువైనా గంటల లెక్కన చూస్తే మైక్రోలీనియర్ మరీ భారం కాదు. తిరునాళ్లలో, పెళ్లి పందిళ్లలో అరిగిన ఈపీలే ఎక్కువుంటే మాత్రం చవకైన సీ రకమే నయం. సన్నని మొన అరిగిన గాడి లోతుల్లోకి దిగి గీతలన్నీ ఏకరువు పెడుతుంది, గుండ్రటిది కొంత చూసీ చూడనట్టు పోతుంది.

78ల కోసమే చాలామంది దీన్ని ఎంచుకుంటారు, దీంట్లో ఆ వేగం ఉంది కాబట్టి. కానీ వేగం ఒక్కటే చాలదు. ఎల్‌పీ గాడి సన్నం, దీంతో వచ్చే సూది మొన 0.3, 0.7 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు) కొలతలది. 78 గాడికి 3 మిల్ మొన కావాలి. సన్న సూదితో వేస్తే అది గాడి అడుగున దుమ్ములో దొర్లుతూ పద్యం కంటే బుసే ఎక్కువ వినిపిస్తుంది, సూదీ త్వరగా పోతుంది. ఇదే వరసలో ఎస్‌పీ అనే 78 సూది విడిగా దొరుకుతుంది. దానికి ఎల్‌పీ బరువు కాదు, దాని పెట్టె మీద రాసిన బరువే పెట్టాలి. ఇవన్నీ మోనో కనుక యాంప్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి, గరగర కళ్లెదుటే తగ్గుతుంది. ఇత్తడి బాకా ఉన్న గ్రామఫోన్లు షోకి ఇప్పుడు చాలాచోట్ల అమ్ముతున్నారు. వాటి మీద వినైల్ ఎల్‌పీ మాత్రం వేయకండి, ఆ ఉక్కు సూది బరువుకు గాడి ఒక్క తిప్పులోనే పోతుంది.

పెట్టెలో వచ్చే ఫెల్టు మ్యాటు అనంతపురం లాంటి పొడి ఊరికి పనికిరాదు. చలికాలం మధ్యాహ్నాల్లో రికార్డు ఎత్తితే మ్యాటు కూడా దానికే అతుక్కుని లేస్తుంది, సగం దూరం వచ్చి సూది మీద పడ్డా పడుతుంది. స్థిర విద్యుత్తు పుట్టి చిటపటలు, ఆ విద్యుత్తుకే దుమ్ము అంటుకోవడం, అన్నీ వరసగా వస్తాయి. కార్క్ మ్యాటో రబ్బరు మ్యాటో మార్చుకోండి. వేసే ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌ని తిరిగే రికార్డు మీద రెండు చుట్లు ఆనించి మెల్లగా బయటికి లాగండి. సూదిని వెనక నుంచి ముందుకే తుడవాలి, అడ్డంగా తుడిస్తే విరుగుతుంది. ఆషాఢ గాలి రోజుల్లో, తాడిపత్రి, బేతంచెర్ల లాంటి రాతిపొడి ఊళ్లలో అయితే ప్రతి వైపుకీ ఒకసారి తుడిచినా ఎక్కువ కాదు.

అటక సరుకును కడగకుండా వేయొద్దు. బోరు నీళ్లతో కడిగితే తడి ఆరాక గాడిలో తెల్లటి ఉప్పు మిగులుతుంది, అదే తర్వాత టిక్కు టిక్కు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. యాసిడ్ డబ్బా కూడా పక్కనే ఉంటుంది, సీసా మీద చదివి తీసుకోండి. వినైల్‌కి 800 మిల్లీలీటర్ల ఆ నీళ్లలో 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నాలుగైదు చుక్కల గిన్నెల లిక్విడ్ సోపు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా రుద్ది, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. లేబుల్ తడవకూడదు. 78లు లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే పైపొర కరిగిపోతుంది. వాటికి సోపు చుక్క వేసిన నీళ్లే, అది కూడా నానబెట్టకుండా.

లోపాల్లో పెద్దది ఆటో-స్టాప్ లేకపోవడం. పాట అయిపోయాక సూది లోపలి గాడిలో తిరుగుతూనే ఉంటుంది. పాట పెట్టి నిద్రపోయే అలవాటున్న పెద్దవాళ్ల గదికి ఇది తగదు. వాళ్లకు అదే కంపెనీ ఎల్‌పీ60ఎక్స్ నయం. బటన్ నొక్కితే చేయి దానంతటదే లేచి, అయిపోగానే దానంతటదే వెనక్కి వెళ్తుంది. కాకపోతే అందులో 78 లేదు, బరువు సర్దుకునే వీలు లేదు, కార్ట్రిడ్జ్ మార్చలేం. యూఎస్‌బీ దారి పాత రికార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించుకోవడానికి చక్కగా పనికొస్తుంది. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ముందు రికార్డులో గట్టిగా పాడిన చోటు వేసి చూసి, మీటరు ఎరుపులోకి పోకుండా లెవెల్ పెట్టుకోండి.

రికార్డుల్ని నిలువుగా, ఒరగకుండా పెట్టండి. పడమటి ఎండ కాసే గోడ పక్క వద్దు. బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో పాత రికార్డులు కొని తెచ్చుకుంటూ దారిలో భోజనానికి ఆగితే, ఏప్రిల్, మే నెలల్లో కవరుని కారులో వదలకుండా చేత్తో పట్టుకుని దిగండి, వంగిన ఎల్‌పీని తిన్నగా చేయడం అయ్యే పని కాదు. ప్లేయర్ వచ్చిన అట్టపెట్టెను కూడా దాచండి. ఇల్లు మారేటప్పుడు కౌంటర్‌వెయిట్, హెడ్‌షెల్, ప్లాటర్ ఊడదీసి వేరుగా చుట్టి, చేతిని ఊతకు తీగతో కట్టాలి. ప్లాటర్ లోపలే ఉంచి ఆటోలో వేస్తే గతుకులకు స్పిండిల్ దెబ్బతింటుంది.